నెల్లూరినుండి నేటాలునకు: జాన్ రంగయ్యగారి జీవితము

చదువు ముగించి ఆఫ్రికా దేశములలో ఆంగ్లము బోధించు నుద్యోగములకు పోవలెనని తలంచు యువకులు మొదట జీతమెంత, ప్రయాణపు ఖర్చు లెవరు పెట్టుకొందురు అని విచారింతురు. ఆ విచారణ తగినదే. కాని అంతకు ముందుగా నడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. అచ్చటి పిల్లలకు మనవలన గలుగు మే లేమి? ఈ ప్రశ్నకు తన బ్రతుకుచేతనే యుత్తర మిచ్చిన తెలుగువారు జాన్ రంగయ్యగారు. విద్యార్థులు వారి చరిత్ర నెఱిగియుండుట మంచిదని తలంచి యిచ్చట వ్రాయుచున్నాము.

రంగయ్యగారు 1866వ సంవత్సరమున నెల్లూరు మండలమున జన్మించిరి. ఆ యేటనే క్లౌదొరగారు ఒంగోలునకు వచ్చి పని ప్రారంభించిరి. రంగయ్యగారు మిషనువారి నీడలో పెరిగి, విద్య నార్జించి, ఉపాధ్యాయవృత్తి నవలంబించిరి. స్వదేశముననే గౌరవముగా కాలము గడుపుట కవకాశ ముండగా సముద్రము దాటుట కేమి కారణము?

1860 నవంబరు 16వ తేదీన ట్రూరో యను నోడ మదరాసు కూలీలతో నేటాలు రేవు చేరెను. అది మొదలు 1911వఱకు లక్ష యేబదిరెండువేలకు పైగా భారతీయు లచ్చటికి పోయిరి. వారిలో తెలుగువారు పెక్కుమంది. ఒడంబడిక అయిదేండ్లు, మొదటి యేట నెలకూలి 10 షిల్లింగులు, అనగా సంవత్సరమునకు 6 పౌనులు. గడువు తీరిన పిమ్మట అచ్చటనే నిలిచిన వారిపై 1895వ సంవత్సరపు చట్టము ఏటికి 3 పౌనుల పన్ను విధించెను. మొదటి యేటి కూలిలో సగము పన్నుకే చాలునన్నమాట! ఒడంబడికపై వ్రేలిముద్ర వేయువానికిని, దానిని చదివి చేవ్రాలు చేయువానికిని గల భేద మెంతటిదో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

ఆ కూలీలలోని తెలుగు క్రైస్తవులు తమ భాషలో బోధించువారు లేక చింతించుచుండిరి. వారి కోరిక స్వదేశమునకు వినబడెను. తెలుగు బాప్తిస్టు హోమ్ మిషనరీ సంఘమువారు 1903లో రంగయ్యగారి నంపిరి. పంపినవారు ధనవంతులు కారు. తామే పేదలైన తెలుగు సంఘములవారు. అన్యదేశముల సహాయ మందుకొనుటకే యలవాటుపడిన సంఘములు తామే యొక బోధకుని విదేశమునకు పంపుట సామాన్య విషయము కాదు.

ఆ యేటి డిసెంబరులోనే హ్యూలెట్టుదొరగారి తేయాకు తోట యున్న కియర్స్నీలో రంగయ్యగారు సంఘమును స్థాపించిరి. అటుపిమ్మట తోటనుండి తోటకు తిరిగి కూడికలు జరిపిరి. పిల్లలకు చదువు చెప్పు నేర్పాటులును గావించిరి. పగలెల్ల పనిచేసి యలసిన వారిని చేరదీసి బోధించుట కెంత యోర్పు కావలయునో ఉపాధ్యాయుల కందఱకును దెలిసినదే. 1914లో మూడు పౌనుల పన్ను రద్దయ్యెను. మఱుసటి యేట, 1915లో, రంగయ్యగారు నేటాలులోనే తనువు చాలించిరి. అప్పటికి వారి వయస్సు ఏబదియేండ్లకు మించలేదు.

ఆనాటి కూలీల సంతతిలో నేడు చాలమందికి ఇంటిభాష ఆంగ్లమే. తెలుగు పలుకు మఱుగుపడినను భారతీయ బాప్తిస్టు సంఘములు ఆ సీమలో నిలిచియున్నవి. కావున దూరదేశమునకు పోదలచు విద్యార్థులారా, ఒడంబడికలోని ప్రతి పంక్తిని చదివి, గడువును, జీతమును, తిరుగు ప్రయాణమును రూఢిపఱచుకొనుడు. ఆ కూలీలకు లేని యా భాగ్యము మీకు గలదు. పిమ్మట అచ్చటి బిడ్డల భాషను, బాధను తెలిసికొనుడు. భాష నేర్పువారు పలువురు దొరకుదురు. తమకొఱకై వచ్చిన గురువు మాత్ర మరుదుగా దొరకును.