యౌవనస్థుల తండ్రి: ఫ్రాన్సిస్ క్లార్కు గారి జీవితము

చదువవలసిన వాక్యభాగములు: ద్వితీయోపదేశకాండము 6:4-9, 2 తిమోతి 1:3-7



తిమోతియొక్క విశ్వాసమును తలంచుకొన్నప్పుడు అపొస్తలుడైన పౌలు మొదట ఎవరిని జ్ఞాపకము చేసికొనెనో గమనించుడి. అవ్వయైన లోయిని, తల్లియైన యునీకేను జ్ఞాపకము చేసికొనెను. వారిని చెప్పిన తరువాతనే తాను తిమోతిమీద చేతులుంచిన సంగతి చెప్పెను. పౌలు లోయికిని యునీకేకును బదులుగా వచ్చినవాడు కాడు. వారు ఇంటిలో నాటినదానికి నీరు పోయుటకు వచ్చినవాడు. ఇంటి పని, సంఘపు పని ఈ విధముగా ఒకదానివెంట ఒకటి నడువవలెను.

ఈ సత్యమును తన జీవితకాలమంతయు ఆచరణలో పెట్టిన ఒక సేవకుని చరిత్రను ఈ మాసము ధ్యానింతము. ఆయన పేరు ఫ్రాన్సిస్ ఎడ్వర్డు క్లార్కు. క్రిస్టియన్ ఎండెవర్ అను యౌవనస్థుల సమాజమును స్థాపించినవాడు ఆయనయే. సి.ఇ. కూటము అను పేరు మన సంఘములలోని పెద్దలలో అనేకులకు తెలిసినదే గాని, దానిని ఆరంభించిన మనుష్యుని కథ ఎరిగినవారు కొందరే.

ఆయన 1851వ సంవత్సరము సెప్టెంబరు 12వ తేదీన కెనడా దేశములోని ఐల్మర్ అను ఊరిలో జన్మించెను. అప్పుడాయన ఇంటి పేరు క్లార్కు కాదు, సిమ్స్. ఆయన పసివాడై యుండగనే తండ్రి చనిపోయెను. ఏడేండ్ల ప్రాయములో తల్లియు ప్రభువునందు నిద్రించెను. ఆ చిన్నవానికి ఇల్లన్నది లేకుండ పోయెను.

అప్పుడు తల్లి తోబుట్టువైన ఎడ్వర్డు వారెన్ క్లార్కు గారు ఆ బిడ్డను చేరదీసిరి. ఆయన అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రములో సంఘ కాపరి. మేనల్లుని తన ఇంట పెట్టుకొని అన్నవస్త్రములిచ్చుటతో ఆయన తృప్తిపడలేదు. దత్తత తీసికొని, తన ఇంటి పేరునుకూడ ఇచ్చెను. ఆ నాటినుండి సిమ్స్ వారి పిల్లవాడు క్లార్కు అయ్యెను. కాపరి ఇంటి భోజనపు బల్లయొద్ద, కుటుంబ ప్రార్థనలో, ఆదివారపు ఆరాధనలో ఆ అనాథ బాలుడు పెరిగెను. తల్లిదండ్రులు లేని బిడ్డకు దేవుని సంఘములోని ఒక ఇల్లు తల్లిదండ్రులైనది. ఈ సంగతిని మనస్సునందుంచుకొనుడి. ముందు జరిగినదానికి ఇదియే వేరు.

ఫ్రాన్సిస్ గారు డార్ట్‌మత్ కళాశాలలో చదివి 1873లో పట్టము పొందెను. తరువాత ఆండోవరు వేదాంత పాఠశాలలో చదువు ముగించెను. 1876లో మెయిన్ రాష్ట్రములోని పోర్ట్‌లాండు పట్టణమునకు విల్లిస్టన్ సంఘ కాపరిగా వచ్చెను. అదే సంవత్సరము హ్యారియెట్ ఆబట్ అను కన్యకను వివాహమాడెను. అప్పటికి ఆయన వయస్సు ఇరువదియైదేండ్లు.

పోర్ట్‌లాండులో ఆ యౌవన కాపరిని ఒక చింత వేధించుచుండెను. సండేస్కూలులో చిన్నపిల్లలు నిండుగనే యుండిరి. పెద్దల ప్రార్థన కూటములో పెద్దలు ఉండిరి. నడుమ వయస్సువారు ఎక్కడ? పండ్రెండు, పదునాలుగు ఏండ్లు దాటిన తరువాత సంఘమునుండి జారిపోవుచుండిరి. వారిని నిలుపుకొనుటకు ఆ కాలపు సంఘములు పాటల కూటములు, వినోదములు, విందులు ఏర్పాటు చేసెడివి. విందు తిని పోవుదురు గాని విశ్వాసములో నిలుచువారు కొద్దిమందియే. మరియొక చిక్కును కలదు. పిల్లల మారుమనస్సును పెద్దలలో అనేకులు నమ్మెడివారు కారు. ఇంకను చిన్నవాడు, పెద్దవాడైనప్పుడు చూతము అనుకొనెడివారు. ఇది నేడు మన ఇండ్లలోను వినబడు మాటయే గదా!

1881వ సంవత్సరము జనవరి మొదటి వారమున సంఘములన్నియు ప్రార్థనా వారమును ఆచరించెను. విల్లిస్టన్ సంఘములో ఆ దినములలో పలువురు బాలబాలికలు ప్రభువునకు తమ్మును అప్పగించుకొనిరి. సంఘమంతయు సంతోషించెను. కాపరికి మాత్రము సంతోషముతోపాటు భయమును కలిగెను. పుట్టిన బిడ్డను పెంచువారెవరు? ఈ పిల్లలకు ప్రార్థన చేయుట ఎవరు నేర్పుదురు? పెద్దల కూటములో నోరు తెరచుటకు వారు సిగ్గుపడుదురు. నోరు తెరువని విశ్వాసము కొంతకాలమునకు మూగబోవును. ఈ తలంపులతో ఆయన కొన్ని వారములు గడిపెను.

ఫిబ్రవరి 2వ తేదీ సాయంకాలమున ఆ పిల్లలందరిని తన ఇంటికి పిలిచెను. గుడికి కాదు, సండేస్కూలు గదికిని కాదు. కాపరియొక్క స్వంత ఇంటికే పిలిచెను. అది మంచు కురియు దేశములో నడి చలికాలము. క్లార్కు అమ్మగారు తన చేతులతో బిస్కట్లు చేసి పెట్టిరి. అందరును తిని, మాటలాడుకొని, కూర్చున్న తరువాత కాపరి ఒక కాగితము తీసి చదివెను. అది తాను వ్రాసిన సమాజపు నిబంధన. దానిలో చేరువారు ప్రతి ప్రార్థన కూటమునకు వచ్చెదమనియు, ప్రతి కూటములోను ఏదో ఒక విధముగా, ఒక వాక్యము చెప్పియైనను, పాలు పొందెదమనియు మాట ఇయ్యవలెను.

గదిలో నిశ్శబ్దము ఆవరించెను. పిల్లలు ఇంత కఠినమైన ప్రతిజ్ఞను ఎదురుచూడలేదు. ఎవరును ముందుకు రాలేదు. ఆ క్షణమున అక్కడనున్న పెన్నెల్ గారు లేచెను. ఆయన యౌవన పురుషుల తరగతికి సండేస్కూలు ఉపాధ్యాయుడు. ఆయన మొదట సంతకము చేసి తన తరగతివారిని రమ్మని పిలిచెను. ఆయన భార్యయు సంతకము చేసెను. అప్పుడు పిల్లలు ఒకరివెంట ఒకరు వచ్చి తమ పేర్లు వ్రాసిరి. ఆ విధముగా మొదటి క్రిస్టియన్ ఎండెవర్ సమాజము ఏర్పడెను.

పెద్దలు ముందు సంతకము చేసినందున పిల్లలకు ధైర్యము వచ్చినదని మనము గ్రహింపవలెను. తాము మోయని భారమును పిల్లల భుజములమీద పెట్టు పెద్దల మాటను ఏ పిల్లవాడు వినును? ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయములో దేవుడు ఇశ్రాయేలు తండ్రులకిచ్చిన క్రమమును ఇదియే. ఆజ్ఞలు మొదట తండ్రి హృదయములో ఉండవలెను. ఆ తరువాతనే కుమారునికి అభ్యసింపజేయవలెను. తండ్రి హృదయములో లేనిది కుమారుని చెవిలో నిలువదు.

సమాజపు ప్రతిజ్ఞ కొంతకాలమునకు మరింత విరివిగా వ్రాయబడెను. దిన దినము ప్రార్థన చేయుదుననియు, దిన దినము బైబిలు చదువుదుననియు సభ్యుడు ప్రభువునకే మాట ఇచ్చెడివాడు. ఇది ఎక్కడ జరుగవలసిన పని? కూటపు గదిలో కాదు, ఇంటిలోనే. వారమునకు ఒక గంట మాత్రము పిల్లవాడు సమాజములో ఉండును. మిగిలిన గంటలన్నియు ఇంటిలోను బడిలోను గడపును. కాబట్టి సమాజము పిల్లవానిని ఇంటినుండి లాగికొనక, చేతిలో బైబిలు పెట్టి ఇంటికే తిరిగి పంపెను. తల్లి ప్రతిదినము చెప్పి చెప్పి అలసిన మాటనే, తన ఈడువారి నడుమ తానే ఇచ్చిన మాటగా పిల్లవాడు ఇంటికి తెచ్చుకొనెను. ఆ తల్లికి ఎంత సహాయము!

సమాజములో పని లేని సభ్యుడు ఉండరాదని క్లార్కు గారి పట్టుదల. ప్రార్థన కూటమును నడుపుటకు ఒక కమిటీ, క్రొత్తవారిని పలుకరించుటకు ఒక కమిటీ ఏర్పడెను. కనిపెట్టి చూచుటకు మరియొక కమిటీ ఉండెను. ఎవరు రాలేదు, ఎవరు చల్లబడిరి, ఎవరు కష్టములోనున్నారు అని విచారించి వారి ఇంటికి పోవుట ఆ కమిటీ పని. నెలకొకసారి సమర్పణ కూటములో సభ్యుల పేర్లు పిలువబడెడివి. ప్రతివాడును తన పేరునకు జవాబు చెప్పవలెను. విశ్వాసమును ఇంకను ఒప్పుకొనని పిల్లలకుకూడ సహాయ సభ్యులుగా స్థలముండెను. వారిని బలవంతపెట్టలేదు, బయటికి త్రోయలేదు. పండుటకు సమయమిచ్చిరి.

ఆ వేసవిలో క్లార్కు గారు తమ సంఘపు అనుభవమును ఒక క్రైస్తవ పత్రికలో ప్రచురించెను. అది చదివిన కాపరులు పలువురు జాబులు వ్రాసిరి. అదే సంవత్సరము అక్టోబరులో మసాచుసెట్స్‌లోని న్యూబరీపోర్టులో రెండవ సమాజము ఆరంభమయ్యెను. 1882లో పిల్లలును సంఘమును అను విషయముపై ఆయన ఒక గ్రంథము వ్రాసెను. ఇంకను చిన్నవారి కొరకు బాలుర సమాజము 1884లో అయోవా రాష్ట్రములోని టాబర్ అను ఊరిలో మొదలయ్యెను. 1883లో ఆయన బోస్టనుకు కాపరిగా వెళ్లెను. పని పెరిగి పెరిగి, 1887లో ఆ కాపరత్వమును విడిచి సమాజముల సేవకే తన్ను ప్రత్యేకించుకొనవలసి వచ్చెను. 1892లో న్యూయార్కు మహాసభకు సుమారు 30,000 మంది వచ్చిరి. 1895లో ప్రపంచ క్రిస్టియన్ ఎండెవర్ సంఘము ఏర్పడెను.

ఎదిరించినవారును లేకపోలేదు. యౌవనస్థులకు వేరు సమాజమెందుకు, ఇది సంఘములో మరియొక సంఘమగునేమో అని కొందరు భయపడిరి. పిల్లలు కాపరి మాటకంటె సమాజపు నాయకుల మాటను ఎక్కువగా విందురేమో అనిరి. ఆ భయమును క్లార్కు గారు తేలికగా త్రోసివేయలేదు. ప్రతి సమాజమును తన స్వంత సంఘమునకును, తన స్వంత కాపరికిని లోబడియే యుండవలెనని నియమించెను. ప్రపంచ సంఘమునకు ఏ స్థానిక సమాజముపైనను అధికారము లేదు. క్రీస్తు కొరకును సంఘము కొరకును అనునదే వారి ధ్యేయ వాక్యము. ఆయన మాదిరిని చూచి ఇతర శాఖలవారును తమ యౌవనస్థులకు సమాజములు ఏర్పరచుకొనిరి. మెతడిస్టుల ఎప్‌వర్తు లీగు 1889లోను, బాప్టిస్టు యువజన సంఘము 1891లోను, లూథర్ లీగు 1895లోను అమెరికాలో ఆరంభమయ్యెను.

క్లార్కు గారు భూమిని పలుమారులు చుట్టి వచ్చెను. మన దేశమునకును వచ్చెను. 1909లో ఆగ్రా పట్టణములో జరిగిన ప్రపంచ మహాసభలో పాల్గొనెను. ఆయన పేరులోని మొదటి రెండు ఇంగ్లీషు అక్షరములు ఎఫ్., ఇ. గనుక, ఫాదర్ ఎండెవర్ అని యౌవనస్థులు ప్రేమతో పిలుచుకొనిరి. ఏడేండ్లకే తల్లిదండ్రులను కోల్పోయిన పిల్లవాడు దేశదేశముల యౌవనస్థులకు తండ్రి అనిపించుకొనెను! 1927వ సంవత్సరము మే 26వ తేదీన ఆయన తన పరుగును కడముట్టించెను.

ఇప్పుడు మన సంగతి చూచుకొందము. నేడు మన సంఘములలో యౌవన కూటములున్నవి. గిటారులున్నవి, క్విజ్ పోటీలున్నవి, వేసవి శిబిరములున్నవి. అవి మంచివే. అయితే అనేకమంది తల్లిదండ్రులు లెక్కలకు ట్యూషను పెట్టించినట్టు, భక్తికి యౌవన కూటమునకు పంపి తమ బాధ్యత తీరినదనుకొనుచున్నారు. రాత్రి భోజనమైన తరువాత తండ్రి ఒక ఫోను, తల్లి ఒక ఫోను, పిల్లలు ఒక ఫోను పట్టుకొని కూర్చున్న ఇంటిలో, ఆదివారపు గంట ఏమి చేయగలదు? ఇంకొక ప్రక్క యౌవన నాయకులుకూడ తల్లిదండ్రులను ఎన్నడును కలిసికొనకయే ఏండ్లు గడుపుచున్నారు. పిల్లవాడు కూటమునకు వచ్చినాడా అని చూతురు గాని, ఏ ఇంటినుండి వచ్చినాడో చూడరు.

క్లార్కు గారి జీవితము మనకు మూడు సంగతులు నేర్పుచున్నది.

మొదటిది, యౌవన పరిచర్య ఇంటి వాకిలివరకు నడువవలెను. నాయకులు సంవత్సరమునకు ఒకసారియైనను ప్రతి పిల్లవాని ఇంటికి వెళ్లి, తల్లిదండ్రులతో కూర్చుండి, కలిసి ప్రార్థింపవలెను. ఈ మాసము కూటములో ఏ వాక్యభాగము నేర్చుకొనిరో వారికి తెలుపవలెను. ఇంటిలో అదే భాగమును చదివినచో, పిల్లవాడు ఒకే మాటను రెండు నోళ్ల వినును.

రెండవది, పెద్దలు ముందు సంతకము చేయవలెను. తల్లిదండ్రులకు కుటుంబ ప్రార్థన చేయుట రాకపోవచ్చును. అనేకులకు రాదు, చెప్పుకొనుటకు సిగ్గుపడుదురు. వారిని నిందింపక నేర్పుట సంఘముయొక్క పని. పది నిమిషములు, ఒక కీర్తన, ఒక అధ్యాయము, ఒక చిన్న ప్రార్థన. ఇంతమాత్రము చాలును, ఆరంభింపవచ్చును.

మూడవది, విశ్వాసులైన తల్లిదండ్రులు లేని పిల్లలు మన నడుమ ఉన్నారు. హాస్టలులోనున్న బిడ్డ, తండ్రి త్రాగివచ్చు ఇంటి బిడ్డ, ఒంటరిగా ప్రభువును నమ్ముకొని వచ్చిన బిడ్డ ఉన్నారు. ఇట్టివారికి కూటము మాత్రమే చాలదు. ఒక భోజనపు బల్ల కావలెను. మేనమామ ఒకడు ఒక అనాథను తన బల్లయొద్దకు పిలిచినందున లోకమునకు ఎంత మేలు కలిగెనో చూచితిమి. ఈ ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత అట్టి ఒక బిడ్డను మీ ఇంటికి పిలువగలరా? లోయి, యునీకేలు లేని తిమోతికి ఆ స్థానములో నిలువగలరా?

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మా పిల్లలు మాకంటె ముందు నీ పిల్లలు. మా ఇండ్లలో ఆరిన బలిపీఠములను తిరిగి కట్టుము. మా యౌవన నాయకులకు కాపరి హృదయము నిమ్ము. ఇల్లు లేనివారికి మా ఇండ్ల తలుపులు తెరువనిమ్ము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.