పిల్లల భాష నేర్చిన పంతులు

భద్రాచలానికి ఎగువన, గోదావరి ఒడ్డున దుమ్ముగూడెం ఉన్నది. పందొమ్మిదవ శతాబ్దిలో పడవల రాకపోకలకై నదిపై కట్టిన ఆనకట్టవల్ల ఆ ఊరి పేరు దూరప్రాంతాలకు తెలిసినది. చుట్టుపట్ల అడవిపల్లెలలో కోయలు నివసిస్తారు. కోయభాష మాట్లాడే ఇంటిలో పెరిగిన పిల్లవాడు ఐదవయేట తెలుగు బడిలో అడుగుపెట్టినప్పుడు, పలకమీది అక్షరమూ కొత్తదే, దానిని పలికించే పంతులుగారి మాటా కొత్తదే. తెలియని అక్షరాన్ని తెలియని మాటతో నేర్వవలసి వచ్చిన ఆ పసివాడు మౌనంగా కూర్చుంటే, వానికి తెలివి లేదని లోకం తీర్పు చెప్పుతుంది.

ఈ అన్యాయం ఒక్క కోయ పల్లెలది కాదు. తూర్పుకనుమల ఉత్తర భాగాన, పర్లాకిమిడి కొండలలోని సవర పిల్లలదీ ఇదే స్థితి. తప్పు పిల్లవానిది కాదని, వాని భాష రాని బడిదని అక్కడ గుర్తించి, ఆ గుర్తింపును ఆచరణలో పెట్టిన ఉపాధ్యాయుడు శ్రీ గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు.

రామమూర్తిగారు 1863 ఆగస్టు 29వ తేదీన, శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపమున వంశధార తీరాన ఉన్న పర్వతాలపేటలో జన్మించినారు. తండ్రి వీర్రాజుగారు, తల్లి వెంకమ్మగారు. బాల్యంలోనే తండ్రి గతించగా, విజయనగరంలో బంధువుల ఇంట ఉండి మహారాజావారి పాఠశాలలో చదువుకున్నారు. గురజాడ అప్పారావుగారు అక్కడ వారి సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషను ముగిసినది. కుటుంబభారం మీద పడుటచే పైచదువుకు వెళ్ళే వీలు లేక, మరుసటి సంవత్సరమే పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చిన్న తరగతికి ఉపాధ్యాయులుగా చేరినారు. జీతం ముప్పది రూపాయలు.

ఉద్యోగం దొరికినదని వారు పుస్తకం మూయలేదు. పగలు పాఠాలు చెప్పుతూనే ప్రయివేటుగా చదివి, 1886లో ఎఫ్. ఏ., ఆ తరువాత బి. ఏ. పరీక్షలలో ఉత్తీర్ణులైనారు. శ్రీముఖలింగంలోని శాసనాలను స్వయంకృషితో చదివి చరిత్రపరిశోధకులైనారు. క్రమంగా కళాశాలలో చరిత్ర బోధించే స్థానానికి ఎదిగినారు. అయినా వారి విద్యలో మేలైన భాగం కళాశాల వెలుపల జరిగినది.

కొండ దిగి పర్లాకిమిడికి వచ్చే సవరలను చూచి, వీరి బిడ్డలకు చదువు చెప్పవలెనని వారు సంకల్పించినారు. అందుకు సవరలకు తెలుగు నేర్పడం మొదటి పని అని మరొకరు అనుకొనేవారేమో! రామమూర్తిగారు తామే ముందు సవర నేర్వవలెనని నిశ్చయించుకున్నారు. సవర ముండా కుటుంబానికి చెందిన భాష. తెలుగుతో దానికి చుట్టరికం లేదు. తెలుగులో లేని, గొంతులో ఆగిపోయే ధ్వనులు అందులో ఉన్నవి. తెలుగు వచ్చిన సవర నొకనిని ఇంట ఉంచుకొని, వాని ముందు శిష్యునివలె కూర్చుండి, మాట వెంట మాట నేర్చినారు. కొండపల్లెలకు వెళ్ళి, అక్కడివారి పలుకు తీరును, కథలను, పాటలను వ్రాసుకున్నారు. తెలుగు లిపిలో సవర వాచకాలు సిద్ధపరచి, స్వంతధనంతో బడులు పెట్టి, సవరలోనే పాఠాలు చెప్పించినారు. ఆ పుస్తకాలకై మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోగా, దానిని తాము తీసుకొనక, సవరలకు బడి పెట్టవలసినదిగా కోరినారు.

ఈ సేవకు వారు చెల్లించిన మూల్యం తక్కువది కాదు. అడవులలో తిరుగుటచే మన్యపుజ్వరం సోకినది. దానికై వాడిన క్వినైను వినికిడిని హరించినది. పరుల పలుకును అంత శ్రద్ధగా విన్న చెవులు మూతబడినవి. అయినా పని ఆగలేదు. కుమారులు సీతాపతిగారు తోడుగా నిలిచినారు. 1931లో సవరభాషా వ్యాకరణ గ్రంథము, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడినవి.

సవర బడిలో కనుగొన్న సత్యమే వారిని తెలుగు బడివైపు మరల చూచునట్లు చేసినది. తెలుగు పిల్లవానికి సైతం ఇంటి తెలుగు ఒకటి, పుస్తకాల తెలుగు మరొకటి. 1906 ప్రాంతంలో పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిన జె. ఎ. యేట్స్ దొర ఈ వ్యత్యాసమేమిటని ప్రశ్నించగా, రామమూర్తిగారు, గురజాడవారు, విశాఖపట్టణ కళాశాలాధ్యక్షులు పి. టి. శ్రీనివాస అయ్యంగారు ఒక్కటై సంస్కరణకు పూనుకున్నారు. స్వీట్, యెస్పర్సన్ మొదలగు పాశ్చాత్య భాషావేత్తల గ్రంథాలను రామమూర్తిగారు క్షుణ్ణంగా చదివినారు. 1911లో ఉద్యోగం విరమించి, ఊరూర సభలలో వాదించినారు. స్కూలు ఫైనలు వ్యాసాన్ని వ్యావహారికంలో వ్రాయవచ్చునని 1912 ప్రాంతంలో లభించిన అనుమతి, పండితుల ప్రతిఘటనవలన కొద్దికాలానికే రద్దయినది. వారు కుంగలేదు. 1919లో ‘తెలుగు’ అనే మాసపత్రికను స్థాపించినారు. ఆ యేడే రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులుగారి అధ్యక్షతన వ్యావహారికభాషా ప్రవర్తక సమాజం ఏర్పడినది.

1934లో కైజర్-ఇ-హింద్ పతకము, 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదము వారిని వరించినవి. కాని ఆ నడుమనే, 1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రంలో చేరగా, దానిని వ్యతిరేకించిన ఆ వృద్ధుడు యాభైయేండ్లకు పైగా నివసించిన ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరవలసివచ్చినది. 1940 జనవరి 22న మద్రాసులో కన్నుమూసినారు.

వారు కోరిన శిష్టవ్యావహారికం కాలక్రమాన పత్రికలలో, పాఠ్యపుస్తకాలలో నిలిచినది. సవర బడుల ఆశయం మాత్రం అంత వేగంగా సాగలేదు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కోయ, సవర సహా ఎనిమిది భాషలలో మొదటి తరగతుల బోధన ప్రారంభించినది. అప్పటికి రామమూర్తిగారు గతించి అరువది నాలుగేండ్లు.

వారి జన్మదినాన తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాము. తెలుగును అంతగా ప్రేమించిన ఆ మహనీయుడే, తెలుగు రాని పసివానికి తెలుగు అడ్డుగోడ కాగలదని గుర్తించినాడు. మన్యపు బడికి నియమితుడై వెళ్ళే యువ ఉపాధ్యాయునికి ఇంతకు మించిన పాఠం లేదు. పిల్లలచేత అ, ఆలు దిద్దించుటకు ముందు, వారి ఇండ్లలో నీటిని, నిప్పును, అమ్మను ఏమని పిలుస్తారో అడిగి తెలుసుకొనిన ఉపాధ్యాయుడు గిడుగువారి శిష్యుడే.