ప్రొఫెసరు ప్రభులాల్ భట్నాగరు

నూనె ధార వేరు, నీటి ధార వేరు అని మన రాయచూరు వర్తకులకు ఒకరు చెప్పనక్కరలేదు. చలికాలమున వేరుసెనగ నూనె డబ్బాలోనికి ఎంత మెల్లగా దిగునో ఎల్లరు ఎరిగినదే. ద్రవములును, వాయువులును ప్రవహించు తీరును లెక్కకు తెచ్చు గణితము ఒకటి గలదు. మన దేశమున దానికి పాటుపడినవారిలో కీర్తిశేషులు ప్రభులాల్ భట్నాగరుగారు ముఖ్యులు.

వారు 1912 ఆగష్టు 8వ తేదీన రాజస్థానములోని కోటాలో జన్మించిరి. జయపురము మహారాజా కాలేజీలో ఎం.ఎస్‌సి. ముగించి, 1937లో అలహాబాదు విశ్వవిద్యాలయమునకు పరిశోధనకై వెళ్ళిరి. అచ్చట బదరీనాథ ప్రసాదుగారు మొదటి గురువు. పిదప అమియచరణ్ బెనర్జీగారి వద్ద సూర్యకుటుంబము పుట్టుకను గూర్చి శ్రమించి 1939లో డి.ఫిల్. పట్టము పొందిరి. 1940 మొదలు పదునైదేండ్లు ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ కాలేజీలో పాఠములు చెప్పిరి.

1952లో అమెరికాలోని హార్వర్డుకు వెళ్ళుట వారి జీవితమున పెద్ద మలుపు. గాలిలోని అణువులు ఎడతెగక ఒకదానినొకటి ఢీకొనుచుండును. ఆ తాకిడులను బోల్ట్‌జ్‌మన్ అను ఆస్ట్రియా పండితుడు 1872లోనే ఒక సమీకరణములో ఇమిడ్చెను. సమీకరణము సరియైనదే గాని, దానిని సాధింపబూనినవారికి చుక్కలు కనిపించెడివి. భట్నాగరు, గ్రాస్, క్రూక్ అను మువ్వురు 1954లో ఒక సులువు మార్గము ప్రకటించిరి. ప్రతి తాకిడిని లెక్కింపనేల? వాయువు సమస్థితి నుండి ఎంత తొలగినదో అంత వేగముగా తిరిగి దానివైపు మరలునని పెట్టుకొనిన చాలును. సంతలో జరిగిన ప్రతి బేరమును చిట్టాకెక్కింపకయే, ఎగసిన ధర మామూలు ధరకు ఎంతలో దిగునో అంచనా కట్టినట్లన్నమాట. మువ్వురి పేర్లలోని మొదటి అక్షరములతో దానికి బి.జి.కె. నమూనా అని పేరు వచ్చినది. దానిలో లోపము లేకపోలేదు. వాయువు వేడిని మోయుటకును, దాని జిగటకును గల నిష్పత్తి ఆ లెక్కలో ప్రకృతితో సరిపడదు. అయినను 1990 తరువాత కంప్యూటరుపై ప్రవాహములను గణించు లాటిస్ బోల్ట్‌జ్‌మన్ పద్ధతికి అదియే ఆధారమైనది. అది చూచుటకు వారు జీవించి లేరు.

1956లో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో అనువర్తిత గణిత శాఖను క్రొత్తగా నెలకొల్పు భారము వారిపై పడినది. నా మట్టుకు హార్వర్డు పనికంటె ఇదియే గొప్పదిగా తోచును. పేరు వచ్చిన మనిషి తన పరిశోధన తాను చేసికొని సుఖముగా ఉండవచ్చును. వీరు శిష్యులను చేరదీసి, ఒక్కొక్కరికి ఒక్కొక్క సమస్య నప్పగించి, శాఖను పైకి తెచ్చిరి. న్యూటను సూత్రమునకు లొంగని ద్రవములు అచ్చట వారి ముఖ్య విషయము. మన నూనె చిక్కనిదే గాని ఆ సూత్రమునకు లోబడినదే. గోడకు వేయు రంగు అట్లు కాదు. కుంచెతో రుద్దినపుడు పలుచనై, వదలినంతనే చిక్కబడి జారక నిలుచును. మన ఒంటిలోని రక్తమును ఈ కోవకు చెందినదే.

బడిపిల్లలకు గణితపు పోటీలు పెట్టవలెనని పట్టుబట్టినవారిలోను వీరొకరు. ప్రపంచ గణిత ఒలింపియాడులో మన జట్టున మొదట నిలిచిన విద్యార్థికి వీరి పేర బహుమానమున్నది.

1968లో ప్రభుత్వమువారు పద్మభూషణ బిరుదమిచ్చిరి. మరుసటి యేడు రాజస్థాన్ విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరుగా వెళ్ళిరి. ఆ పరిపాలనా కాలమున గణితము కొంత వెనుకబడియే ఉండును గదా!

మొదటి గురువు ప్రసాదుగారు కలకత్తాలోని మెహతా ట్రస్టువారి ధనసహాయముతో అలహాబాదులో ఒక గణిత పరిశోధనా సంస్థకు అంకురార్పణ చేసి, 1966లో గతించిరి. దాత లిచ్చిన ధనము నిలువవలెనన్న దానిని నడుపు మనిషి కావలెను. 1975లో భట్నాగరుగారు దానికి డైరెక్టరైరి. రెండేండ్లైనను నిండకుండగనే, 1976 అక్టోబరు 5న స్వర్గస్థులైరి. ఆ మెహతా సంస్థ నేడు హరీశ్‌చంద్ర పరిశోధనా సంస్థ అను పేర ప్రయాగ చెంత ఝూసీలో నడచుచున్నది.