కలప లెక్కకు అందని అడవి: రాందేవ్ మిశ్రా కొలతలు

ఒక అడవిని నరికితే పోయేది కలప ఒక్కటేనా? ఈ ప్రశ్నకు మన నేల మీద కొలిచి జవాబు వెతికిన శాస్త్రవేత్త రాందేవ్ మిశ్రా. 1908లో జన్మించిన ఆయన 1937లో ఇంగ్లండ్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో జీవావరణ శాస్త్రంలో పీహెచ్‌డీ చేశారు. అప్పటికి ఆ శాస్త్ర సూత్రాలు చాలావరకు శీతల దేశాల నుంచి వచ్చినవే.

బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఆయన ఉష్ణమండల అడవులు, గడ్డిభూముల ఉత్పాదకతను, పోషకాలు మట్టికీ మొక్కకూ మధ్య తిరిగే తీరును అధ్యయనం చేశారు. జీవావరణ శాస్త్రంలో దేశంలోనే తొలి పీజీ కోర్సును రూపొందించారు. ఆయన పర్యవేక్షణలో 50 మందికి పైగా పీహెచ్‌డీ పొందారు.

ఆ చదువు వృక్షశాస్త్ర విభాగం గడప దాటి పాలనలోకీ వెళ్లింది. 1972లో కేంద్రం నెలకొల్పిన పర్యావరణ ప్రణాళిక, సమన్వయ జాతీయ కమిటీ వెనుక ఆయన కృషి ఉంది. తర్వాత పర్యావరణ మంత్రిత్వ శాఖకు దారి వేసింది ఆ కమిటీయే. మిశ్రా 1998లో కన్నుమూశారు. అడవికి కలప ధర మాత్రమే కట్టే లెక్క ఎక్కడ కనిపించినా, ఆయన ప్రశ్న మళ్లీ వేయాల్సిందే.