మన సిద్దిపేట డ్రాయింగు సారు కాపు రాజయ్య

వార్షికోత్సవం దగ్గర పడిందంటే మన హాస్టల్లో బొమ్మలు గీసే తమ్ముళ్లకు ఎక్కడలేని గిరాకీ వస్తుంది. స్టేజీ వెనుక బ్యానరు రాయాలన్నా, గేటు ముందు రంగులు వేయాలన్నా, గోడపత్రికను అలంకరించాలన్నా వాళ్లనే పిలుస్తాం. ఆ నాలుగు రోజులు గడిచాక అదే తమ్ముడు నోటుబుక్కు చివరి పేజీలో బొమ్మ గీస్తే, ఇది కూడు పెట్టే పనేనా అని మందలిస్తాం. నిజం చెప్పాలంటే మేమూ అలా అన్నవాళ్లమే. ఆ మాటకు జవాబు మన సిద్దిపేటలోనే ఒక జీవితంగా నిలిచి ఉంది. ఆ జీవితమే చిత్రకారుడు కాపు రాజయ్య గారిది.

రాజయ్య గారు 1925 ఏప్రిల్ 7న సిద్దిపేటలో ఒక సామాన్య కుటుంబంలో పుట్టారు. అప్పుడు మనది నిజాం పాలనలోని మెదక్ జిల్లా. సర్కారు బడిలో చదువంతా ఉర్దూలో సాగేది, ఇంట్లో, వాడలో తెలుగు. బొమ్మకు మాత్రం ఏ భాషా అడ్డం కాదు. చిన్నప్పటి ఆ ఇష్టాన్నే ఆయన చదువుగా, బతుకుదెరువుగా మలచుకున్నారు. సిద్దిపేట పాఠశాలలో డ్రాయింగు ఉపాధ్యాయులై పిల్లలకు పెన్సిలు పట్టడం నేర్పారు. పేరు వచ్చాక కూడా పట్నానికి తరలిపోలేదు. ఉన్న ఊళ్లోనే ఉండి దేశం మెచ్చే చిత్రకారుడయ్యారు.

ఆయన బొమ్మలకు మూలం మన చుట్టుపక్కలే ఉంది. నేడు మన జిల్లాలోనే ఉన్న చేర్యాలలో నకాశీ కళాకారులు తరతరాలుగా కథల పటాలు గీస్తున్నారు. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూస్తారు. అది ఆరాక ఎర్రటి నేల రంగు మీద వరుసగా బొమ్మలు వేస్తారు. ఆ పటాన్ని విప్పుతూ కుల పురాణాలు చెప్పే కళాకారులు ఊరూరా తిరిగేవారు. చదువురాని వాళ్లకు ఆ పటమే పుస్తకం. ఈ చేర్యాల బొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. రాజయ్య గారు ఆ నకాశీ తీరును తక్కువగా చూడలేదు. అందులోని గట్టి గీతను, నిండు రంగును, కథ చెప్పే పద్ధతిని తీసుకొని తనదైన శైలి తయారు చేసుకున్నారు.

ఇక ఆ బొమ్మల్లో ఎవరున్నారో చూడండి. రాళ్లు కొట్టే వడ్డెరలు, ఎల్లమ్మ జోగి, బోనం ఎత్తిన ఆడపడుచులు, బతుకమ్మ ఆడే అక్కచెల్లెళ్లు, పంట పొలాలు. మనలో చాలామంది అమ్మానాన్నలు చేసేది ఇలాంటి కష్టమే. అడ్మిషన్ ఫారంలో తల్లిదండ్రుల వృత్తి రాసేటప్పుడు కూలి అని రాయడానికి మన చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ చెమట పట్టిన మనుషులనే రాజయ్య గారు అందంగా, నిండుగా, తలెత్తుకొని నిలబడేలా గీశారు. మా దృష్టిలో ఆయన చేసిన పెద్ద పని ఇదే.

సిద్దిపేటలో లలిత కళా సమితిని నెలకొల్పి, కళ మీద ఇష్టమున్న వాళ్లకు ఒక చోటు కల్పించారు. 2012 ఆగస్టు 20న ఆయన కన్నుమూశారు. 2014లో తెలంగాణ రాష్ట్రం రావడం, ఆ ఏడే బోనాలు, బతుకమ్మ రాష్ట్ర పండుగలు కావడం, 2016లో సిద్దిపేట జిల్లా ఏర్పడటం ఆయన చూడలేదు. కాని ఆ పండుగలకు సర్కారు గౌరవం దక్కడానికి ఎన్నో ఏళ్ల ముందే ఆయన కుంచె గౌరవం ఇచ్చింది.

తమ్ముళ్లారా! బొమ్మలు గీసే చెయ్యికి దారులు లేకపోలేదు. ఏడో తరగతి పాసైన వాళ్లు ప్రభుత్వ పరీక్షల విభాగం జరిపే డ్రాయింగు లోయర్ గ్రేడు పరీక్ష రాయవచ్చు. ఆ తరువాత హయ్యర్ గ్రేడు ఉంది. అవి పాసైతే వేసవిలో 42 రోజుల టీటీసీ శిక్షణ తీసుకోవచ్చు. ఇంటర్ తరువాత ఇంకా చదవాలనుకుంటే హైదరాబాదులో ఫైన్ ఆర్ట్స్ కళాశాల ఉంది. 1940లో మొదలైన ఆ సంస్థ 2008 నుంచి జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో భాగం. లెక్కలు, సైన్సు వదిలేయమని మేము చెప్పడం లేదు. వాటి పక్కన బొమ్మకు కూడా ఒక గంట ఇవ్వమంటున్నాం.

సీనియర్లుగా మేము ఒక మాట ఇస్తున్నాం. ఇకముందు చివరి పేజీలో బొమ్మ కనిపిస్తే ఆ పేజీ చింపం, పది మందికి చూపిస్తాం. పాత విద్యార్థులైన అన్నలు వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు మిఠాయిలతో పాటు నాలుగు రంగుల డబ్బాలు, కొన్ని కుంచెలు తెచ్చిపెడితే సంతోషిస్తాం. మన అమ్మ బోనం ఎత్తిన బొమ్మను మన తమ్ముడే గీసి ఈ హాస్టల్ గోడకు తగిలించిన రోజు, రాజయ్య సారుకు మనం పెట్టే నిజమైన దండం అదే.