పులుల మేలు కోరిన వేటకాడు

పులి యనగానే మనకు భయము కలుగును. అది సదా మనుష్యులకై పొంచియుండునని పలువురి నమ్మిక. ఈ నమ్మిక సరికాదని లోకమునకు చాటినవాడు, నరభక్షకములైన పులులను పెక్కింటిని చంపిన వేటకాడే యగుట విశేషము. ఆతడే జిమ్ కార్బెట్.

ఈతడు 1875వ సంవత్సరము జూలై 25వ తేదీన హిమాలయ ప్రాంతమందలి నైనీతాలులో జన్మించెను. తండ్రి అచ్చటి పోస్టుమాస్టరు. ఆయన త్వరలోనే గతించుటచే కుటుంబభారము తల్లిపై బడెను. శీతకాలమున వారు కొండ దిగి కాలాఢూంగీ గ్రామమున నివసించెడివారు. అచ్చటి యడవియే ఆ బాలునకు రెండవ పాఠశాల. అడుగుజాడను చూచి యే మృగము పోయినదియు, జింకల కూతను విని పులి యెచ్చట కదలుచున్నదియు తెలిసికొను నేర్పు ఆతనికి అలవడెను. యౌవనమున రైల్వే పనిలో ప్రవేశించి, గంగాతీరమందలి మొకామా ఘాటున సుమారు ఇరువది సంవత్సరములు సరకులను దాటించు పని నిర్వహించెను.

ఆ కాలమున చంపావత్ ప్రాంతమున నొక ఆడపులి సంచరించుచుండెను. అది నేపాళమునను, కుమావూనునందును కలిసి 436 మందిని బలిగొన్నదని లెక్క. జనులు తలుపులు మూసికొని, పొలములకు పోవ వెరచుచుండిరి. అధికారులు కోరగా కార్బెట్ రెండు నియమములు పెట్టెను. ప్రకటించిన బహుమానమును రద్దు చేయవలెను. తక్కిన వేటగాండ్రను వెనుకకు పిలువవలెను. ధనమునకై చంపువాడనిపించుకొనుట ఆతనికి సమ్మతము కాదు.

1907లో ఆ పులిని చంపిన పిమ్మట దాని నోటిని పరీక్షించెను. కుడివైపు కోరలు రెండును పూర్వమెప్పుడో తగిలిన తుపాకి గుండుచే విరిగియుండెను. సహజమైన యాహారమును పట్టజాలకయే అది మనుష్యులపై బడెను. ఎవనిదో యొక గుండు గురి తప్పినందున వందలకొలది నిరపరాధులు మడిసిరి! గాయములు, ముదిమి, దేహమున నాటుకొనిన ఏదుపంది ముండ్లు, ఇట్టివియే పులిని నరభక్షకిగా జేయునని ఆతడు గ్రహించెను.

1926లో ఆతడు రుద్రప్రయాగ చిరుతపులిని చంపెను. అది యెనిమిది సంవత్సరములలో 125 మందిని పొట్టబెట్టుకొనినది. ఇట్లు ప్రజలను కాపాడుచునే, వినోదమునకై వేటాడుట క్రమముగా మాని, పులులను ఛాయాచిత్రములు తీయసాగెను. 1936లో భారతదేశమందలి మొదటి జాతీయవనము ఏర్పడుటకు తోడ్పడెను. 1944లో వెలువడిన ఆతని గ్రంథము దేశదేశముల ప్రసిద్ధి కెక్కెను. 1947లో సోదరితో కెన్యాకు వెడలి, 1955 ఏప్రిల్ 19వ తేదీన అచ్చటనే మరణించెను.

పిమ్మట ఆ వనమునకు ఆతని పేరే పెట్టిరి. 1973లో పులుల సంరక్షణ ప్రణాళిక అచ్చటనే ప్రారంభమయ్యెను. మన నల్లమల యడవులును 1983లో ఆ ప్రణాళికలో చేరినవి.

బాలబాలికలారా! చంపవలసివచ్చినప్పుడు సయితము కార్బెట్ ఆ మృగమును ద్వేషింపలేదు. అది యేల అట్లయ్యెనో విచారించెను. దోషమెంచుటకు ముందు కారణము నరయుట మృగముల యెడలనే కాదు, మనుష్యుల యెడలను మనము నేర్వదగిన గుణము.