గళమూ - గల్లాపెట్టీ : ఎల్విస్ ప్రెస్లీ జీవితం

పాటగాడు డబ్బు చేసుకుంటే అతనిలోని కళ చచ్చిపోతుందా? రాక్ సంగీతం పుట్టిన నాటినుంచీ, దాని తర్వాత ర్యాప్ వచ్చాక మరీనూ, ఈ వాదన తెగడం లేదు. ప్రతిభ వున్నవాడి దగ్గరికి డబ్బు నడిచి వస్తే తప్పేమిటని ఒకరంటారు. డబ్బు కోసం పాడిన రోజే అతను అమ్ముడుపోయాడని మరొకరంటారు. మనకీ గొడవ కొత్తదేమీ కాదు. పోతన నాగలి పట్టాడనీ, శ్రీనాథుడు రాజుల కొలువుల్లో తిరిగాడనీ తరతరాలుగా చెప్పుకుంటూనే వున్నాం. పద్యాలు మాత్రం ఇద్దరివీ నిలిచాయి! కాబట్టి డబ్బు తీసుకున్నాడా లేదా అన్నదానితో తీర్పు తేలదు. అమ్మింది ఏమిటి, అమ్మకుండా అట్టేపెట్టుకున్నది ఏమిటి అని చూడాలి. అలా చూడదలచినవాళ్లకి ఎల్విస్ ప్రెస్లీ జీవితం తెరిచిపెట్టిన చిట్టా పుస్తకం లాంటిది.

ఎల్విస్ 1935 జనవరి 8న అమెరికాలో, మిసిసిపీ రాష్ట్రంలోని టుపెలో అనే చిన్న వూళ్లో పుట్టాడు. తండ్రి వెర్నన్ నిలబెట్టుకున్న రెండు గదుల చెక్క ఇల్లు వారిది. కవలల్లో మొదటి బిడ్డ ప్రాణం లేకుండానే పుట్టాడు. మిగిలిన ఒక్కణ్ణీ తల్లి గ్లాడిస్ కంటికి రెప్పలా పెంచింది. తండ్రికి నిలకడైన పని వుండేది కాదు. ఒక చెక్కును దిద్దిన నేరానికి జైలుకి కూడా వెళ్లాడు. ఆ వూళ్లో పేద తెల్లవాళ్ల పేటా, పేద నల్లవాళ్ల పేటా ఒకదానికొకటి దగ్గర్లోనే వుండేవి. చర్చిలో గొంతెత్తి పాడే భక్తిగీతాలు, రేడియోలో వచ్చే కంట్రీ పాటలు, నల్లవాళ్ల పేటల్లో వినిపించే బ్లూస్ - ఈ మూడూ పిల్లవాడి చెవిన పడ్డాయి. 1946లో అతని చేతికి ఒక చవక గిటారు వచ్చింది. ఇదీ అతని సంగీత విద్యాభ్యాసం! గురువూ లేడు, కాలేజీ లేదు.

1948లో కుటుంబం పొట్ట చేతపట్టుకుని మెంఫిస్ నగరం చేరింది. అక్కడ ప్రభుత్వం పేదలకి కట్టిన ఇళ్లలో కాపురం. నల్లజాతి సంగీతానికి పుట్టినిల్లయిన బీల్ స్ట్రీట్ ఆ వూళ్లోనే వుంది. 1953లో హైస్కూలు చదువు ముగిసింది. తర్వాత కొన్నాళ్లకి ఒక ఎలక్ట్రిక్ కంపెనీలో ట్రక్కు నడిపే పని దొరికింది. ఆ 1953లోనే సామ్ ఫిలిప్స్ అనే ఆయన నడుపుతున్న స్టూడియోకి వెళ్లి, సుమారు నాలుగు డాలర్లు చెల్లించి, రెండు పాటలు రికార్డు చేయించుకున్నాడు. ఇక్కడొక్క మాట గుర్తుపెట్టుకోండి. కోట్లు సంపాదించిన ఆ గొంతు మొట్టమొదటిసారి పాడినప్పుడు తానే డబ్బు ఎదురిచ్చింది!

ఫిలిప్స్ గారి కంపెనీ పేరు సన్ రికార్డ్స్. 1954 జులై 5 రాత్రి ఆయన ఈ కుర్రవాణ్ణి గిటారిస్టు స్కాటీ మూర్‌తోనూ, బేస్ వాయించే బిల్ బ్లాక్‌తోనూ కూర్చోబెట్టాడు. మెల్లని పాటలు ఎన్ని పాడినా అతకలేదు. అందరూ అలసిపోయి విశ్రాంతి తీసుకుంటున్న వేళ, ఆర్థర్ క్రుడప్ అనే నల్లజాతి గాయకుడి పాత బ్లూస్ పాటను ఎల్విస్ సరదాగా అందుకున్నాడు. మిగతా ఇద్దరూ కలిశారు. పక్కగదిలోంచి ఫిలిప్స్ ఉలిక్కిపడి, మళ్లీ మొదటినుంచి పాడమని టేపు తిప్పాడు. బజారు కోసం ఎవరూ పథకం వేయలేదు. పాట దానంతటదే వచ్చింది. కొద్ది రోజుల్లోనే మెంఫిస్ రేడియో ఆ పాటను మళ్లీ మళ్లీ వేసింది.

అప్పుడు రంగంలోకి దిగాడు టామ్ పార్కర్. అందరూ కల్నల్ అనేవారు గాని, సైన్యంలో సంపాదించిన హోదా కాదది. లూసియానా గవర్నరు ఇచ్చిన ఉత్తుత్తి బిరుదు. అతను తిరునాళ్ల ప్రదర్శనల్లో ఆరితేరినవాడు. ఏ వస్తువుకి ఎక్కడ గిరాకీ వుందో వాసన పట్టేస్తాడు. 1955 నవంబరులో ఎల్విస్ కాంట్రాక్టు ఆర్.సి.ఏ. అనే పెద్ద కంపెనీకి 35,000 డాలర్లకు మారింది. ఆ రోజుల్లో అది చాలా పెద్ద మొత్తం.

అమ్ముడుపోవడం అంటే పెద్ద కంపెనీకి వెళ్లడమే అయితే ఎల్విస్ కథ అక్కడే ముగియాలి. కాని ముగియలేదు సరికదా, అసలు కథ అక్కడే మొదలైంది! 1956లో అతను పాడిన పాటలు ఆర్.సి.ఏ. కంపెనీ కోసమే తయారయ్యాయి. హౌండ్ డాగ్ అనే పాటకి 31 టేకులు తీసుకున్నాడు. బాగుంది, చాలు అని తక్కినవాళ్లు అనుకున్నా అతను ఒప్పుకోలేదు. ఏ పాట ఎలా వుండాలో ఆ వయసులో అతనికి తెలుసు, ఆ మాట చెల్లించుకోవడమూ తెలుసు. ఆ యేడు సెప్టెంబరులో ఎడ్ సలివన్ టెలివిజన్ కార్యక్రమాన్ని సుమారు 6 కోట్ల మంది చూశారు. పార్కర్ అతని బొమ్మతో టోపీలు, లిప్‌స్టిక్కులు, గాజులూ గీజులూ అన్నీ అమ్మించాడు. ఎల్విస్ అంటే పడనివాళ్ల కోసం వ్యతిరేకపు బ్యాడ్జీలు కూడా అమ్మించాడని చెబుతారు. తిట్టేవాడి జేబులోంచి కూడా డబ్బు రావాలన్నమాట! ఇంత వ్యాపారం జరుగుతున్నా పాట చెక్కుచెదరలేదు. 1957లో 22 ఏళ్ల కుర్రవాడు తల్లిదండ్రుల కోసం గ్రేస్‌లాండ్ అనే భవనం కొన్నాడు. పేదింటి బిడ్డ ఆ డబ్బు తీసుకున్నాడని ఎవరు తప్పుపట్టగలరు?

అయితే ఈ సంపదకి ఇంకో పక్క కూడా వుంది. అది చెప్పకపోతే అన్యాయం. హౌండ్ డాగ్‌ను అంతకుముందే, 1953లో, బిగ్ మామా థార్న్‌టన్ అనే నల్లజాతి గాయని హిట్ చేసింది. ఆమెకు దక్కింది స్వల్పం. ఎల్విస్ మొదటి పాటకి మూలమైన క్రుడప్ రాయల్టీల కోసం ఏళ్ల తరబడి పోరాడి, రావలసింది రాకుండానే 1974లో కన్నుమూశాడు. పబ్లిక్ ఎనిమీ అనే ర్యాప్ బృందం 1989లో ఒక పాటలో ఎల్విస్‌ను దుయ్యబట్టింది ఈ గాయం మీదనే. ఎల్విస్‌కి నల్లజాతి సంగీతం మీద వున్న ప్రేమ దొంగ ప్రేమ కాదు. ఎవరి దగ్గర నేర్చుకున్నాడో చెప్పుకోవడానికి అతను సిగ్గుపడలేదు కూడా. కాని ఒకే పాటకి తెల్ల గొంతుకొక ధర, నల్ల గొంతుకొక ధర కట్టిన బజారు అది. ఆ బజారులో లాభపడ్డవాళ్లలో అతనే అగ్రగణ్యుడు. ప్రతిభ గురించి వాదించేటప్పుడు ఈ లెక్క మరిచిపోకూడదు.

1958 మార్చిలో ఎల్విస్ సైన్యంలోకి వెళ్లాడు. పాటలు పాడుకుంటూ కాలక్షేపం చేసే ఉద్యోగం తీసుకోకుండా మామూలు సిపాయిగా చేరాడు. ఆగస్టులో తల్లి పోయింది. ఆ దెబ్బనుంచి అతను పూర్తిగా కోలుకోలేదని దగ్గరివాళ్లు అనేవారు. జర్మనీలో పనిచేసి 1960 మార్చిలో తిరిగివచ్చేసరికి పార్కర్ వ్యూహం సిద్ధంగా వుంది. సినిమాలు!

ఎల్విస్‌కి మంచి నటుడు కావాలని నిజంగానే వుండేది. 1958 నాటి కింగ్ క్రియోల్‌లో ఆ సత్తా కనిపించింది కూడా. 1960లో పాటలు బాగా తగ్గించి ఫ్లేమింగ్ స్టార్ చేశాడు. దానికి డబ్బు అంతంతమాత్రంగా వచ్చింది. మరుసటి యేడు పాటలు, పడుచులు, సముద్రతీరం కలిపిన బ్లూ హవాయి కాసులు కురిపించింది. ఆ సినిమా పాటల ఆల్బం 20 వారాలు అగ్రస్థానంలో నిలిచింది. ఇంకేముంది! అచ్చు దొరికింది. ఇక ఆ అచ్చులోనే పోతపోశారు. 1956నుంచి 1969 దాకా అతను నటించిన కథాచిత్రాలు 31. యేడాదికి రెండు మూడు చొప్పున, వారాల్లో చుట్టేసిన బొమ్మలు. 1961 మార్చి తర్వాత ఏడేళ్లపాటు జనం ముందు నిలబడి పాడిందే లేదు.

పాటల సంగతి ఇంకా అన్యాయం. ఎల్విస్ పాడాలంటే ఆ పాట రాసినవాళ్లు రాబడిలో కొంత వాటా ఎల్విస్ వైపు కంపెనీలకు రాసివ్వాలి. మొదట్లో రచయితలు కళ్లకద్దుకుని ఇచ్చారు. బీటిల్స్, బాబ్ డిలన్ వచ్చి రచయితకీ విలువ పెరిగాక మంచి పాట చేతిలో వున్నవాడు ఎందుకిస్తాడు? ఇవ్వనివాళ్ల పాట ఎల్విస్ దగ్గరికే రాలేదు. వాటా ఇచ్చిన నాసిరకం పాటే వచ్చింది. లాభం కోసం వేసిన కంచె చివరికి పాటనే బయట నిలిపింది! ఆ పాటలు పాడడానికి ఎల్విస్ చాటుగా సిగ్గుపడేవాడు, విసుక్కునేవాడు. కాని కాంట్రాక్టు కాగితం ముందు పెడితే సంతకం చేసేవాడు. 1967లో కుదిరిన ఏర్పాటుతో పార్కర్ వాటా కొన్ని ఆదాయాల్లో సగం దాకా పోయింది.

మరి ఆ గొంతు చచ్చిపోయిందా? లేదు. 1968లో అది రుజువైంది. సింగర్ కుట్టుమిషన్ల కంపెనీ ఖర్చుతో ఎన్.బి.సి. టెలివిజన్ ఒక ప్రత్యేక కార్యక్రమం తలపెట్టింది. క్రిస్మస్ పాటలు నాలుగు పాడి నమస్కారం పెట్టి వెళ్లిపోవాలన్నది పార్కర్ పథకం. దర్శకుడు స్టీవ్ బిండర్ వేరే దారి చూపించాడు. ఎల్విస్ తన జీవితంలో అరుదుగా చేసిన పని ఒకటి అప్పుడు చేశాడు. పార్కర్ మాట కాదని దర్శకుడి పక్షాన నిలబడ్డాడు. నల్లని తోలు దుస్తుల్లో, పాత మిత్రులతో, చిన్న వేదిక మీద, చుట్టూ జనం కూర్చోగా పాడాడు. ఆ ఏప్రిల్‌లో అతని మెంఫిస్‌లోనే మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగింది. ఆ దుఃఖంలోంచి పుట్టిన కొత్త పాటతో కార్యక్రమం ముగిసింది. డిసెంబరు 3న అది ప్రసారమైనప్పుడు పాతబడిపోయాడనుకున్న మనిషి మళ్లీ లేచి నిలబడ్డాడు. దానికి స్పాన్సరు కుట్టుమిషన్ల కంపెనీయే! డబ్బు మారలేదు, బజారు మారలేదు. కాదన్న మాట ఒక్కటే కొత్తగా వచ్చింది.

ఆ వేడిలోనే 1969 ఆరంభంలో మెంఫిస్‌లో చిప్స్ మోమన్ స్టూడియోలో పాడాడు. సస్పిషస్ మైండ్స్ పాట హక్కుల్లో వాటా అడిగిన మనుషులకు మోమన్ ససేమిరా అన్నాడు. ఎల్విస్ పాట వదులుకోలేదు. ఆ యేడు నవంబరులో అది అమెరికాలో మొదటి స్థానానికి ఎక్కింది. అక్కడి ప్రధాన పట్టికలో అతనికి అదే చివరి మొదటి స్థానం.

తర్వాత మళ్లీ పాత కథే. 1969 జులై 31న లాస్ వేగాస్‌లో ఒక పెద్ద హోటల్లో కచేరీలు మొదలయ్యాయి. తొలి యేడాది అద్భుతంగా పాడాడు. కాని 1976 దాకా ఆ ఒక్క నగరంలోనే 600కు పైగా కచేరీలు, తరచు రాత్రికి రెండేసి! ప్రపంచమంతా రమ్మని పిలిచినా 1957లో కెనడా తప్ప అమెరికా దాటి ఎక్కడా పాడలేదు. ఎందుకో తర్వాత తెలిసింది. పార్కర్ అసలు పేరు ఆండ్రియాస్ వాన్ క్యూక్, నెదర్లాండ్స్‌లో పుట్టి దొంగతనంగా అమెరికా చేరినవాడు. పాస్‌పోర్టు లేదు. పైగా వేగాస్ జూదశాలల్లో అతను ఖాతాదారు. మేనేజరు భయాలూ వ్యసనాలూ గాయకుడికి సరిహద్దులయ్యాయి.

1973లో, అప్పటిదాకా చేసిన రికార్డులమీద ఇక ముందు రాయల్టీ అడగమని రాసిచ్చి, పార్కరూ ఎల్విసూ ఆర్.సి.ఏ. దగ్గర 54 లక్షల డాలర్లు తీసుకున్నారు. ఎల్విస్‌కి అప్పుడు 38 యేళ్లు. జీవితాంతం ఫలించే తోటను ఒక్క కాపు ధరకు అమ్మేసినట్టయింది. మరుసటి యేడు డాలీ పార్టన్ రాసిన ఒక పాట పాడాలని ఎల్విస్ ముచ్చటపడ్డాడు. హక్కుల్లో సగం కావాలన్నాడు పార్కర్. ఆమె బాధపడింది గాని ఇవ్వలేదు. 1992లో విట్నీ హ్యూస్టన్ గొంతులో ఆ పాటే, ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ, లోకమంతా మోగింది. ఆమె కాదనగలిగింది. అతను కాదనలేకపోయాడు.

డాక్టర్లు రాసిచ్చిన మందులే వ్యసనమై, ఒళ్లు పాడై, 1977 ఆగస్టు 16న గ్రేస్‌లాండ్‌లో ఎల్విస్ కన్నుమూశాడు. వయసు 42. రికార్డులు లక్షల్లో అమ్ముడుపోయాయి. అమ్మేసిన పాటలమీద కూతురికి రాయల్టీ లేదు. టెనసీ కోర్టు నియమించిన న్యాయవాది విచారణ జరిపి, పార్కర్ కమిషన్లనూ 1973 అమ్మకాన్నీ తప్పుపట్టాడు. ఆ ఇంటి ఖర్చు గట్టెక్కడానికి 1982లో గ్రేస్‌లాండ్‌ను టిక్కెట్టు పెట్టి జనానికి తెరవవలసి వచ్చింది.

ఇంకొక్క లెక్క చెప్పి ముగిస్తాను. ఎల్విస్ పాటలకి పోటీలో వచ్చిన గ్రామీ బహుమతులు మూడే మూడు. మూడూ భక్తిగీతాలకే వచ్చాయి. చిన్నప్పుడు చర్చిలో విన్నవి, ఎవరూ చెప్పకుండా తనకోసం తాను పాడుకున్నవి! రాత్రి కచేరీ అయ్యాక కూడా తెల్లవార్లూ పియానో ముందు కూర్చుని అవే పాడుకునేవాడు. అంటే గల్లాపెట్టె చేరలేని గది ఒకటి అతనిలో చివరిదాకా మిగిలే వుంది.

కాబట్టి మిత్రులారా, ఈసారి హాస్టల్లో ఏ గాయకుడో అమ్ముడుపోయాడని వాదన వస్తే, ఎంత తీసుకున్నాడని మాత్రమే అడక్కండి. కాదు అనే మాటను తన దగ్గర వుంచుకున్నాడా లేదా అని అడగండి. పట్టాలు పుచ్చుకుని రేపు మనమందరం ఎవరో ఒకరి దగ్గర జీతానికి కుదరవలసినవాళ్లమే. జీతం పుచ్చుకోవడం తప్పు కాదు. ఎల్విస్‌లాంటి ప్రతిభ మనలో అందరికీ వుండకపోవచ్చు. కాని అతను పోగొట్టుకున్న ఆ చిన్న మాట మనలో ప్రతివాడి దగ్గరా ఇప్పటికింకా వుంది.